తూముకు కట్టిన వల

"అమ్మాయి కళ్ళు తెరిచింది."

ఫోన్లో మా ఆయన ఈ మాట చెప్పేటప్పటికి నేను ఆయన చొక్కాకే బొత్తాం కుడుతున్నాను. పెళ్ళై రెండు నెలలు కూడా నిండలేదు కాబట్టి బొత్తాం కుట్టడం కూడా నాకింకా సరదాగానే ఉంది. సూది అక్కడే గుచ్చి లేచాను. ఒక్క క్షణం ఆ గదిలో ఉన్నవన్నీ ముద్దొచ్చాయి. కిటికీలోంచి పడే ఎండ, స్టవ్ మీద పొంగబోతున్న కాఫీ, చివరికి ఊడిపోయిన ఆ బొత్తాం కూడా.

ఏమైనా మాట్లాడిందా అని అడిగాను.

"వల విప్పండి, వల విప్పండి అంటోంది. ఇంకేం లేదు. అన్నయ్య ఇక్కడే ఉన్నాడు. నువ్వు త్వరగా రా. వచ్చేటప్పుడు కోపం ఇంట్లో పెట్టి రా."

ఇంట్లో పెట్టి రావడానికి అదేమైనా గొడుగా?

కోపం ఎందుకో చెప్పాలి. ఊరి చివర వన్యప్రాణి శాఖ వాళ్ళ చిన్న చెరువొకటి ఉంది. పొలాలకూ కాదు, తాగడానికీ కాదు. చేపలూ నీటిపక్షులూ బతకడానికని మట్టికట్ట వేసి నిలిపిన నీళ్ళు అవి. పోయిన ఆదివారం పొద్దున ఆ కట్టకు గండి పడింది. అక్కడ పక్షుల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి నీళ్ళలో కొట్టుకుపోయింది. తుంగలో కదలకుండా మెదలకుండా గంటలు గంటలు నిలబడుతుందని అందరూ ఆ పిల్లను కొంగమ్మ అంటారు. కట్ట కాపలా చూసే పెద్దాయన పరుగెత్తుకొచ్చి ఆమెను ఒడ్డుకు లాగాడు. ఆయన్ని ఊరంతా కట్ట బాబాయ్ అంటుంది. అలా లాగిన మనిషిని నిన్నంతా స్టేషన్లో కూర్చోబెట్టి ప్రశ్నించారు, ఈ పొద్దునే ఆ చేతులకే బేడీలు పడ్డాయి. కట్టలో పందికొక్కులు తవ్విన బొరియల్ని పూడ్చకుండా నిర్లక్ష్యం చేశాడని, అందుకే గండి పడి ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిందని ఇంజనీరు రిపోర్టు ఇచ్చాడు. ఇన్‌స్పెక్టర్ దాన్ని కళ్ళకద్దుకుని కేసు రాశాడు.

ఆ ఇన్‌స్పెక్టర్ మా ఆయనకు స్వయానా అన్న. అంటే నాకు బావగారు.

ఇలాంటి చిక్కుల్ని ఆరా తీసిపెట్టడం నా పని కాబట్టి, బాబాయ్ భార్య నిన్ననే నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. తన భర్త అన్నం దగ్గరి నుంచి లేచి వెళ్ళయినా సరే బొరియ పూడ్చి వచ్చే మనిషని మాత్రం చెప్పింది. రేపు పొద్దున ఆయన్ని కోర్టుకు తీసుకెళ్తారు. లోపలికి పంపితే మళ్ళీ ఎప్పటికి బయటికి వస్తాడో చెప్పలేనని లాయరు తేల్చేశాడు. ఆ ముసలాయన రేపు ఇంటికి వెళ్ళాలా, జైలుకు వెళ్ళాలా అన్నది ఈ ఒక్కరోజులో తేలాలి.

ఆసుపత్రి వార్డు తలుపుకు అడ్డంగా బావగారు నిలబడి ఉన్నారు. ఆయన వెనక, నర్సు యూనిఫాంలో మా ఆయన, నాకు మాత్రమే కనబడేలా కాస్త తల ఊపారు. ఆ వార్డులో మందులూ సెలైన్లూ చూసేది ఆయనే.

"అమ్మాయీ, ఇక్కడ నీకు పని లేదు. డాక్టరు సాయంత్రం దాకా ఎవర్నీ పంపొద్దన్నాడు."

"మీరు వెళ్ళొచ్చారుగా బావగారూ."

"నేను యూనిఫాం వేసుకుని వెళ్ళాను. నువ్వు గాజులేసుకుని వచ్చావు."

ఎంత కోపమొచ్చినా ఆయన పేరు వెనక గారు తీసేయడం నా వల్ల కాదు. పళ్ళు కొరుక్కుంటూ, ఆ వల సంగతేమిటని అడిగాను. మత్తులో ఏదో పలవరిస్తోందని కొట్టిపారేశారు. గండి పడినచోట వల ఎందుకుంటుంది, చేపలన్నీ కిందికి కొట్టుకుపోయాయి కదా అన్నారు. సివిల్ ఇంజనీరింగ్ చదివి, శుభ్రంగా ఆఫీసులో కూర్చోక దొంగల వెంట తిరిగే కోడలు మా వంశంలో లేదని కూడా అన్నారు. ఇది ఆయన నాకు పెళ్ళిచూపుల నాటి నుంచి చెబుతున్న మాటే.

అక్కడి నుంచి నేరుగా స్టేషనుకు వెళ్ళాను. బాబాయ్ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మోచేతుల మీద గీరుకుపోయిన గాట్లకు ఎవరూ మందు కూడా రాయలేదు. కొంగమ్మకు స్పృహ వచ్చిందని చెప్పగానే తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. తువ్వాలు తీశాక మొహంలో పదేళ్ళు తగ్గాయి. ఆ పిల్ల ఆకలేస్తోందని ఏమైనా అందా, చలేస్తోందని అందా అని అడిగాడు.

"వల విప్పమంటోంది బాబాయ్."

ఆయన మొహం మూసుకుపోయింది. తలుపు మూసుకున్నట్టే. నిన్నంతా, నా కట్టలో ఒక్క బొరియ ఉంటే నన్ను అందులోనే పాతేయండి అని పోలీసుల మీద కేకలేసిన మనిషి, ఇప్పుడు నేల చూస్తూ మెల్లగా మాట్లాడాడు.

"బొరియలున్నాయమ్మా. నేనే చూసుకోలేదు. అలాగే రాసుకోమను."

నాకు ఒళ్ళు మండిపోయింది. బయట మెట్ల మీద మీ ఆవిడ నిన్నటి నుంచి కూర్చుంది, ఆవిడకు ఈ మాట మీరే చెప్పండి అన్నాను. ఇంటికి పొమ్మని చెప్పు అన్నాడు. అని గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. వల అన్న ఒక్క మాట వినగానే ఈయన లేని నేరం నెత్తిన ఎందుకు వేసుకున్నాడో తెలియాలంటే కట్ట దగ్గరికి వెళ్ళక తప్పదు.

నేను చేరేసరికి అక్కడ ఇంజనీరు ఉన్నాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, మట్టి అంటని బూట్లు. పోయినేడు ఈ కట్టను బాగుచేయించింది ఆయనే, ఇప్పుడు రిపోర్టు రాసిందీ ఆయనే. రేపు కొత్త మట్టి పోసి గండి పూడ్చేయడానికి ఒక పొక్లెయిన్‌ను తెచ్చి అప్పుడే ఒడ్డున నిలబెట్టించాడు. నా వెనకే జీపులోంచి బావగారు దిగారు. నన్ను వెళ్ళొద్దని చెప్పడానికే అంత దూరం వచ్చారట.

"రండి మేడమ్, చూడండి" అంటూ ఇంజనీరు ఎంతో మర్యాదగా నన్ను గండి పక్కకు తీసుకెళ్ళి, కట్ట బయటి వాలులో ఉన్న ఒక బొరియను చూపించాడు. పందికొక్కు తవ్విన దారి ఇదేనని, నీళ్ళు ఇలాంటి దారిలోంచే ఊరి ఊరి కట్టను తినేశాయని విడమరిచి చెప్పాడు. బావగారు విన్నావా అన్నట్టు నా వైపు చూశారు.

నేను గాజులు పైకి తోసుకుని ఆ బొరియలో చెయ్యి పెట్టాను. మోచేతి దాకా తిన్నగా వెళ్ళింది. అక్కడితో ఆగిపోయింది. పందికొక్కు మలుపులు తిరగకుండా తవ్వదు. తవ్విన మట్టిని గుమ్మం ముందు కుప్ప పోయకుండా ఉండదు. ఇక్కడ మట్టి కుప్ప లేదు. వేళ్ళతో తడిమితే, బొరియ చివర గునపం మొన దిగిన గాటు నునుపుగా తగిలింది.

లేచి గండి రెండో వైపుకు, అంటే చెరువు లోపలి వైపుకు నడిచాను. అక్కడ చూడగానే నాకు అర్థమైంది.

బొరియలోంచి నీళ్ళు కారి కట్ట తెగితే బయటి వాలు తినేసి ఉండాలి. గండికి అటూ ఇటూ బయటి వాలు మీద గడ్డి కూడా చెదరలేదు. జారిపోయింది లోపలి వాలు. పెద్ద నాలుక చాపినట్టు ఆ మట్టంతా చెరువులోని లోతు మడుగు మీదికి జారి పడి ఉంది. దాంతో కట్ట తల కిందికి దిగింది. మిగిలిన నీళ్ళు ఆ తల మీదుగా పొర్లి గండి కొట్టాయి. కట్ట లోపలి వాలు ఎప్పుడు జారుతుందో నేను పరీక్ష కోసం బట్టీ పట్టి మరీ చదివాను. నిండా ఉన్నంతకాలం నీళ్ళు అరచేయిలా ఆ వాలును ఆపి ఉంచుతాయి. ఆ చేతిని మెల్లగా తీస్తే తడిసిన మట్టి కూడా మెల్లగా ఆరి నిలదొక్కుకుంటుంది. ఒక్కసారిగా లాగేస్తే తన బరువుకు తనే కూలిపోతుంది. అంటే, గండి పడకముందే ఎవరో నీళ్ళను వేగంగా వదిలేశారు.

తూము దగ్గరికి పరుగెత్తాను. చెరువు నీళ్ళు వదలాలంటే తూములో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్న చెక్క పలకల్ని పైకి లాగాలి. తూములో ఒక్క పలక కూడా లేదు. కట్ట కింద చదును నేల మీద అవన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. అవి వాడకుండా పక్కన పడేసిన పాత పలకలని వెనక నుంచి ఇంజనీరు అన్నాడు. పైనున్నది తిప్పి చూపించాను. ఒక వైపంతా పాచి, దానికి అతుక్కుని ఎండిపోయిన నత్తలు. వాడకుండా పడేసిన పలకలకు నత్తలు పట్టవు.

ఆ పక్కనే తూము గొట్టం బయటికి తెరుచుకుంటుంది. దాని మూతిని బురద సగం కప్పేసింది. బురద తీస్తే వల. గొట్టం మూతికి సంచిలా కట్టిన సన్నకళ్ళ వల, దాని నిండా వేలెడంత చేపపిల్లలు. చచ్చి వాసన కొడుతున్నాయి. వల అడుగు మునిగిన చిన్న గుంటలో నిలిచిన కాసిని నీళ్ళలో మాత్రం ఓ గుప్పెడు పిల్లలు ఇంకా తోకలాడిస్తున్నాయి. అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది. వల విప్పి, కాఫీ పోసి తెచ్చుకున్న ఫ్లాస్కు కడిగి, ఆ నీళ్ళతో సహా వాటిని అందులో పోసుకున్నాను.

ఈ చెరువులో పనిచేసేవాళ్ళకు ఒక అలవాటుంది. పలక లాగేముందు గొట్టానికి వల కట్టాలి. లేకపోతే చేపపిల్లలన్నీ నీళ్ళతో పాటు పోతాయి. దొంగతనంగా నీళ్ళు వదిలేవాడికి చేపపిల్లల మీద దయ ఎందుకుంటుంది? అయినా కట్టారంటే, తప్పు చేస్తున్నప్పుడు కూడా చెయ్యి దానంతటదే ఆ పని చేసేసిందన్నమాట. ఇది పందికొక్కు పని కాదు, ఈ చెరువు మనిషి పని. ఇదంతా బావగారికి ఒక్కొక్కటే చూపించి, ఆ రిపోర్టు అబద్ధం అన్నాను. బొరియలో చెయ్యి పెట్టి చూడమన్నాను.

ఆయన పెట్టారు. గాటు ఆయన వేళ్ళకూ తగిలే ఉంటుంది. చెయ్యి దులుపుకుని నా వైపు జాలిగా చూశారు.

"సరే. బొరియ అబద్ధం. వల ఎవరు కడతారు? పలకలు ఎవరు లాగుతారు? ఆ ముసలాయన. అంటే నిర్లక్ష్యం కాదు, కావాలనే చేశాడు. ఇప్పుడు సెక్షను మారుతుంది. నీ దగ్గరికొచ్చినవాళ్ళను నువ్వే ముంచావమ్మాయీ."

ఇంజనీరు గొంతు సవరించుకుని, తనకు మొదటి నుంచీ అదే అనుమానమని, ముసలివాడు కదా అని జాలిపడి బొరియ అని రాశానని చెప్పాడు. బావగారు అందించిన కొమ్మని ఎంత చప్పున పట్టుకున్నాడో. నాకు ఆ క్షణంలో బావగారి మీద కంటే, ఇంజనీరు మీద కంటే, నా మీదే ఎక్కువ కోపమొచ్చింది. తాడు నేనే పేని వాళ్ళ చేతికిచ్చాను. బాబాయ్ మెడకు అది సరిపోయింది కూడా.

జీపు వెళ్ళిపోయింది. నేను పలకల మీద కూర్చుని ఆలోచించాను. వల పేరెత్తగానే బాబాయ్ నేరం ఒప్పుకున్నాడు. వల తను కట్టి ఉంటే, వల మాట రాగానే భయపడాలి, లేదా బుకాయించాలి. ఆయన ఎవరికో అడ్డం నిలబడ్డాడు. ఆ పిల్లను ఒడ్డుకు లాగినప్పుడే గొట్టానికి వల చూసి ఉంటాడు. చూసి, అది ఎవరు కట్టారో తెలుసుకుని, నోరు మూసుకుని ఉంటాడు. వల విప్పండి అని ఆసుపత్రి మంచం మీద ఎవరు కలవరిస్తున్నారు?

ఆ ఆలోచన తోచాక ఇక కూర్చోలేకపోయాను.

సాయంత్రం డాక్టరు ఒప్పుకున్నాక మా ఆయన నన్ను వార్డులోకి తీసుకెళ్ళారు. కొంగమ్మ తలకు కట్టు, చేతికి సెలైను. మొహం చిన్నపిల్ల మొహంలా ఉంది. ఫ్లాస్కు మూత తీసి దగ్గర పెట్టాను. లోపల తిరుగుతున్న చేపపిల్లల్ని చూసి ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఇన్ని బతికాయా అంది. నేను వల విప్పేశానని చెప్పాను. పలకలు నువ్వే లాగావు కదా అని మెల్లగా అడిగాను.

తల ఊపింది. ఆగి ఆగి చెప్పింది. కొన్నాళ్ళుగా లోతు మడుగు దగ్గర చేపలు తెల్లగా తేలుతున్నాయట. ఒక కొంగ కూడా అక్కడే చచ్చి పడి ఉందట. ఒకరోజు నీళ్ళు తేటగా ఉన్నప్పుడు అడుగున బురదలో, ఫ్యాక్టరీల్లో రసాయనాలు నింపే లాంటి నీలం డ్రమ్ము మూత కనబడింది. ఒకటి కాదు, పక్కన ఇంకోటి. నీళ్ళు తగ్గించి చూద్దామని బాబాయ్‌ని అడిగితే, పక్షులు గూళ్ళలో గుడ్లు పెట్టాయి, ఇప్పుడు తూము ముట్టుకోవద్దని కసిరాడు. అందుకని ఆయనకు చెప్పకుండా ఇంజనీరుకు ఫోన్ చేసింది.

"డ్రమ్ముల సంగతి ఆయనకు చెప్పావా?"

"చెప్పాను అక్కా. ఎన్ని పలకలు తీయొచ్చని అడిగాను. అన్నీ తీసేయ్, ఏం కాదు, నేనొచ్చి చూస్తానన్నాడు. వచ్చాడు కూడా. నేను కింద వల దగ్గరున్నాను. కట్ట మీద నెర్రె విచ్చింది. సార్, జారుతోంది అని అరిచాను. నా వైపు చూశాడు. చూసి, అటు తిరిగి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు."

అన్నీ తీసేయ్, ఏం కాదు. కట్టలు కట్టే చదువు చదివినవాడు చెప్పిన మాట అది. నీళ్ళు మెల్లగా తగ్గితే డ్రమ్ములు బయటపడతాయి. ఒక్కసారిగా తగ్గితే వాలు జారి సరిగ్గా వాటి మీదే పడుతుంది. పోయినేడు చెరువు ఎండగట్టి కట్ట బాగుచేసినప్పుడు తప్ప ఆ డ్రమ్ముల్ని అక్కడ పాతే వీలు ఎవరికీ లేదు. అప్పుడు ఆ మడుగులో ఎవరెవరు దిగారో ఆయనకు తెలియకుండా ఉండదు. ఈ పిల్ల చూసింది కాబట్టి, పైన ఇంత మట్టి పోశాడు. పిల్ల కూడా ఆ నీళ్ళలో పోతే ఇంకా నయమనుకున్నాడు. పైగా ఆ పాపం పందికొక్కుకు అంటగట్టి, పందికొక్కు సరిపోకపోతే ముసలాయనకు అంటగట్టాడు.

"బాబాయ్‌కి కోపం వచ్చిందా?" అని అడిగింది కొంగమ్మ. "ఆయన రాలేదేం?"

ఆయన ఎక్కడున్నాడో ఆమెకు ఎవరూ చెప్పలేదు. సమాధానం గుమ్మం దగ్గరి నుంచి వచ్చింది.

"వస్తాడమ్మా. రేపు వస్తాడు."

బావగారు. ఎప్పుడొచ్చి నిలబడ్డారో, టోపీ చేతిలో పట్టుకుని ఉన్నారు. చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఆయనకు కోపమొస్తే ముందు చెవులకొస్తుందని మా ఆయన ఒకసారి చెప్పారు. నన్ను బయటికి రమ్మని సైగ చేశారు. వరండాలో నిలబడి నా వైపు చూడకుండా మాట్లాడారు. తలకు దెబ్బ తగిలిన పిల్ల మాట ఒక్కదాంతో కోర్టు వినదని, ఆ ఇంజనీరు అదంతా మత్తులో కలవరింత అంటాడని చెప్పారు. పొద్దున తనే ఆ మాట అన్నట్టు ఆయనకు గుర్తుండే ఉంటుంది.

"నాకు డ్రమ్ము కావాలి. ఒక్కటి చాలు" అన్నారు.

"అది మట్టి కింద ఉంది బావగారూ. రేపు దాని మీద ఇంకో పది లారీల మట్టి పడుతుంది. మీరు చూస్తూ ఉండగానే."

ఈ మాట గట్టిగానే అన్నాను. వార్డు తలుపు దగ్గర మా ఆయన కళ్ళు మూసుకున్నారు. బావగారు ఏదో అనబోయారు. ఇంతలో ఆయన ఫోన్ మోగింది. పేరు చూసి, నాకు కూడా వినబడేలా స్పీకరు నొక్కారు.

ఇంజనీరు. రేపు తెల్లవారగానే పని మొదలుపెడతానని, జనం గుమిగూడి అడ్డుపడే ప్రమాదం ఉంది కాబట్టి కాస్త బందోబస్తు కావాలని అడిగాడు. తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, ఆసుపత్రిలో ఆ అమ్మాయికెలా ఉంది, ఏమైనా మాట్లాడుతోందా అన్నాడు. పలకరించడానికి ఈ రాత్రికి వద్దామనుకుంటున్నానని కూడా అన్నాడు.

బావగారి దవడ బిగుసుకుంది. గొంతు మాత్రం వెన్నలా వచ్చింది.

"ఎక్కడ సార్. కళ్ళయితే తెరిచింది గానీ మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. మీరు శ్రమ తీసుకోకండి. బందోబస్తుకు నేనే స్వయంగా వస్తాను."

ఫోన్ పెట్టేసి, ఇద్దరు కానిస్టేబుళ్ళను పిలిచి వార్డు గుమ్మంలో కూర్చోబెట్టారు. డాక్టరు తప్ప చీమ లోపలికి వెళ్ళినా సహించనని తమ్ముడికి చెప్పారు. అప్పుడు మొదటిసారి నా మొహంలోకి చూశారు.

"కోర్టు పదింటికి. అంతకు ముందే మనకు వెలుతురుంటుంది. అతను తెచ్చిపెట్టుకున్న పొక్లెయిన్ అక్కడే ఉంది, డ్రైవరుకు నేను చెబుతాను. రేపు మట్టి పోయడం లేదు, తవ్వుతున్నాం. ఎక్కడ తవ్వాలో నువ్వు చూపిస్తావు. ఇంజనీరు మాత్రం నా పక్కనే నిలబడి చూస్తాడు."